కిటికీ గట్టు మీది ట్యూబులు

"అక్కా, జర మంచిగ చూసినవా?"

ల్యాబు కిటికీ ఊచలకు అవతల వరమ్మ నిలబడి ఉంది. ఆమె చేతిలోని కాగితం మీద రాజమణి రాసిన సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు. పేరు, వయసు, ఓపీ నంబరు. వాటి కింద ఒకే మాట: నిల్.

"చూడకుండ రాస్తరా వరమ్మా?" అంది రాజమణి చేతులు తుడుచుకుంటూ. అప్పుడే మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. గోడ గడియారం ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. బల్ల కింద అరలో టిఫిన్ డబ్బా ఉంది.

"గిది నాలుగోపారి అక్కా."

"నాలుగుసార్లు లేదనే వచ్చింది. లేనిది ఉన్నదని ఎట్ల రాయాలె?"

"మరి నాకైతున్నది ఏంది?" వరమ్మ ఊచలు పట్టుకుని ముందుకు వంగింది. వెనక బెంచీ మీద ఎవరి భర్తలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. గొంతు బాగా తగ్గించింది. "తెల్లబట్ట ఆగుతనే లేదు. మంట, వాసన. దినాం మూడుపార్లు బట్ట మారుస్తున్న. గింత అయితుంటే లేదంటే ఎట్ల లేదు?"

రాజమణికి విసుగొచ్చింది. జాలి లేక కాదు. గౌలిపురలో వరమ్మ వాళ్లది వెనక గల్లీయే. రాజమణి ఇంటికి పాలు వాళ్ల కొట్టం నుంచే వస్తాయి. కాని జాలి వేరు, రిజిస్టరు వేరు. ఈ జనానా దవాఖానలో పద్నాలుగేళ్లుగా ఆమె చూడనిది రాయలేదు, చూసింది దాచలేదు.

"మేడంకు చూపెట్టుపో. ఏదన్న బలానికి గోళీలు ఇస్తరు."

"బలానికి ఇచ్చినవి ఇంట్ల డబ్బా నిండ ఉన్నయి." వరమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ చిన్న మాట ఏ ఆకారంలో ఉంటుందో ఈపాటికి గుర్తే. "ఆదివారం బోనాలక్కా. పోరనికి తట్టు పోసినప్పుడు బోనమెత్తుతనని మొక్కిన. రోగమైతే దవాఖాన కాయితం చెప్తది, మందు తింటే పోతది అంటది మా అత్త. కాయితంల లేదంటే మరి నీది రోగం కాదు, ఇంకేందో అంటది. నన్ను పాలకుండ ముట్టనిస్తలేదు."

వరమ్మ వెళ్లిపోయాక రాజమణి టిఫిన్ డబ్బా తీసి, బల్ల ముందు గోడకు అతికించిన వేంకటేశ్వరస్వామి పటానికి కళ్లతోనే దండం పెట్టుకుని, అన్నం కలుపుకుంది. పెరుగు పుల్లగా అనిపించింది.

మరునాడు తెల్లవారి ఆరింటికి తలుపు దగ్గర పాలక్యాను చప్పుడైంది. రాజమణి తలస్నానం చేసి, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని గిన్నె పట్టుకొచ్చింది. వరమ్మ అత్త ఆగమ్మ క్యాను మూత తీసి కొలగిన్నె ముంచింది. అరవై దాటిన మనిషి. రెండు నెలల కింద దాకా పాలు తెచ్చేది ఆమె కోడలే. ఇప్పుడు మోకాళ్లు పట్టుకుంటూ తానే మెట్లెక్కుతోంది.

"నువ్వెందుకు ఎక్కుతున్నవ్ ఆగమ్మా, ఎవరినన్న పంపరాదు?"

"నీ ఇంటికి దేవుని పాలు పోవాలె గదమ్మా. మొదటి గిన్నె పటం ముందు పెడ్తవు. గందుకే కోడల్ని ముట్టనిస్తలేను." ఆగమ్మ పాలు పోసి, అంచున కారిన చుక్కను వేలితో తుడిచింది. "నిన్న కాయితం నువ్వే రాసినవంట. ఏం లేదంట గద."

"లేదు."

"మరి రోగం కాకుంటే ఏందిది? నడతల ఏమన్న..."

"ఛ, గట్లనకు ఆగమ్మా. వరమ్మ మంచి పిల్ల."

"నేనంటున్ననా తల్లీ? నీ కాయితం అంటున్నది." ఆగమ్మ క్యాను మూత బిగించింది. "దవాఖానోళ్లు ఉన్నదని రాస్తే, నా కొడుకు అంజన్నను గుంజకపోయి మందు మింగిపిస్త. లేదని రాస్తే నేనేం చెయ్యాలె? ఈ ఆదివారం బోనం నేనే ఎత్తుత."

రాజమణి పాలు కాచి, గిన్నెలో పోసి పటం ముందు పెట్టింది. ఆ రోజు స్తోత్రం మధ్యలో ఒక పాదం మరిచిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదువుకుంది.

బుధవారం పదకొండింటికి డాక్టర్ కమలకుమారి ల్యాబులోకి వచ్చింది. తెనాలి వైపు అమ్మాయి. పై చదువుకు ఈ దవాఖానలో చేరి థీసిస్ రాస్తోంది. ఆడవాళ్లలో తెల్లబట్టకు కారణమయ్యే ఒక సూక్ష్మమైన పురుగును పట్టుకోవడానికి మూడు పరీక్షలున్నాయి. మూడింటిలో ఏది సరైనదో తేల్చడం ఆమె పని. మొదటిది రాజమణి రోజూ చేసేదే. దూదిపుల్లతో తీసిన స్రావాన్ని ట్యూబులో ఉప్పునీళ్లలో కలిపి, ఒక చుక్క అద్దం మీద వేసి చూడటం. రెండోది అద్దం మీద పూసి రంగు వేసి చూడటం. మూడోది ఆ స్రావాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో వేసి, వేడిపెట్టెలో పెట్టి, రెండు మూడు రోజులు పెంచి చూడటం. చివరి రెండూ కమలకుమారే చేసుకుంటోంది.

ఆమె చేతిలో గీతల కాగితం ఉంది. రాజమణి ముందు బల్ల మీద పరిచింది.

"చూడండి రాజమణిగారూ. ఇప్పటికి యాభై ఎనిమిదిమంది అయ్యారు. రంగు వేసిన స్లైడులో తొమ్మిదిమందికి దొరికింది. సీసాల్లో పదిహేనుమందికి. మీ తడి స్లైడులో నలుగురికి."

రాజమణి తాను చూస్తున్న మూత్రం స్లైడు తీసి పక్కన పెట్టింది. "అంటే ఏంది మేడం? నా కండ్లు పోయినయంటరా?"

"మిమ్మల్ని అనట్లేదండీ. పరీక్షే అలాంటిదేమో. మా ప్రొఫెసరుగారూ అదే అన్నారు. తడి స్లైడు పనికిమాలినదని రాసెయ్యమన్నారు."

"పద్నాలుగేండ్ల సంది గదే చూస్తున్న. నాగమణమ్మ గారు నేర్పిన్రు నాకు. ఆమె ముప్పై ఏండ్లు చూసింది. పనికిమాలింది ఎట్లయితది?"

కమలకుమారి యాభై ఎనిమిదో నంబరు సీసా తెచ్చింది. అడుగు నుంచి ఒక చుక్క తీసి అద్దం మీద వేసి, రాజమణి సూక్ష్మదర్శిని కిందే పెట్టింది. "ఒక్కసారి చూడండి."

రాజమణి కన్ను ఆనించింది. వెలుతురు తగ్గించి, మర తిప్పింది. బూడిదరంగు మైదానం తేటపడింది. చిన్న జామకాయల ఆకారంలో, కుదుపులు కుదుపులుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతున్నాయి. ఒకటీ రెండూ కాదు.

"ఎవరిది?"

"వరమ్మ, గౌలిపుర. సోమవారం మీరు నిల్ రాసిన మనిషి."

రాజమణి కన్ను తియ్యకుండానే, "సీసాల ఏదన్న కలిసి ఉంటది," అంది.

"ఇది గాలిలోంచి వచ్చి పడేది కాదండీ. ఆవిడ దగ్గర్నుంచే రావాలి." కమలకుమారి గొంతులో అలసట ఉంది. "నాకు సోమవారమే అనుమానం వచ్చి మందు రాశాను. మంగళవారం చీటీ వెనక్కి తెచ్చి ఇచ్చింది. కాగితంలో రోగం లేదంటే మందెందుకని వాళ్లాయన మింగనన్నాడట. ఆవిడొక్కతే మింగితే ఏం లాభం? మళ్లీ ఆయన్నుంచి వస్తుంది. నా సీసాల ఫలితం కేసు షీటు మీద ఎక్కించకూడదు, థీసిస్ అయ్యేదాకా. మీరు రాసివ్వండి, ఉందని. వాళ్లు మీ కాగితాన్నే నమ్ముతారు."

"నా స్లైడుల చూడంది నేను రాయను మేడం. ఇయ్యాల మీ సీసా చూసి రాస్తే, రేపు ఇంకెవరో చెప్తే రాస్త. గట్ల రాసుడు మొదలుపెడ్తే ఆగుతదా?"

కమలకుమారి ఆమెను ఒక్క క్షణం చూసి, కాగితం మడిచింది. "మీరన్నది తప్పని నేననను. కాని వచ్చే నెలకి నా థీసిస్ అయిపోతుంది. ఈ సీసాలు కలిపేవాళ్లు ఉండరు. ఏ పరీక్ష గొప్పదో నేను పుస్తకంలో రాసి వెళ్లిపోతాను. ఈ ఆడవాళ్లకి మిగిలేది మళ్లీ మీ స్లైడే."

ఆమె వెళ్లిపోయింది. మూల స్టూలు మీద కూర్చుని దూదిపుల్లలు చుడుతున్న అటెండరు ఇస్సాకు అంతా విన్నాడు. రోజూ డాక్టర్లు చూసే మూడో నంబరు గది నుంచి ట్యూబుల ట్రే ఈ ల్యాబుకు మోసుకొచ్చేది ఆయనే.

"ఫికర్ చెయ్యకక్కా," అన్నాడు. "డాక్టరమ్మ సీసాలు నవాబు బిడ్డలు. వచ్చుడు వచ్చుడే వేడిపెట్టెల పంటయి. నీ ట్యూబులు పాపం కిటికీల కూసోని వానగాలికి వణుకుతయి. నువ్వు పిలిచేసరికి లేచే ఓపిక ఉంటదా గవిట్లకు?"

"నవ్వులాటనా ఇస్సాకన్నా?"

"నవ్వులాటనే. నాకేం తెలుసు? నేను మోసేటోన్ని."

రాజమణి కిటికీ వైపు చూసింది. గట్టు మీద చెక్క స్టాండులో ఏడు ట్యూబులున్నాయి. తొమ్మిదిన్నరకు వచ్చినవి. వాటిని బల్ల మీద పెట్టనివ్వదు. బల్ల మీద, సూక్ష్మదర్శినికి ఎదురుగా, స్వామి పటం ఉంది. పొద్దున రాగానే అగరువత్తి వెలిగిస్తుంది. మొదట రక్తం, తర్వాత మూత్రం, తర్వాత మలం. అన్నీ అయ్యాక చిట్టచివర ఇవి. ఇవి చూశాక ఇంక దేన్నీ ముట్టదు. మోచేతుల దాకా కడుక్కుని అన్నానికి కూర్చుంటుంది. ఈ వరుస ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదు. మొదటి రోజే నాగమణమ్మ గారు చూపించారు: మైల పని చివర చెయ్యి బిడ్డా, పటం ముందు చేతులు మళ్లీ మళ్లీ కడగలేవు. ఆ మాట రాజమణికి అప్పుడూ సబబుగా అనిపించింది. ఇప్పటిదాకా అనిపిస్తూనే ఉంది.

ఆ రాత్రి ఆమెకు కోపమే ఎక్కువగా ఉంది. రేపు ఆ డాక్టరమ్మకు చూపించాలి. తెచ్చిన వెంటనే చూసినా ట్యూబుల్లో ఏమీ ఉండదని, సీసాలదే తప్పని చూపించాలి.

గురువారం తొమ్మిదీ ఇరవైకి ఇస్సాకు ట్రే తెచ్చాడు. కిటికీ వైపు పోబోతుంటే రాజమణి ఆపింది.

"ఇటు తే."

"ఎటు? బల్ల మీదికా?" ఇస్సాకు పటం వైపు చూశాడు.

"తే అంటున్న గద."

అయిదు ట్యూబులు. అగరువత్తి సగం కాలింది. రాజమణి లేచి పటం మీదికి తెర లాగినట్టు ఒక తెల్లకాగితం అంటించబోయి, ఎందుకో మానేసింది. మొదటి ట్యూబు తీసి చుక్క వేసింది. గుండ్రటి కణాలు, చీము, ఇంకేమీ లేదు. రెండోది అంతే. తనలో తాను నవ్వుకుంది. మూడోది పెట్టి మర తిప్పింది.

మైదానం మూలలో ఏదో కదిలింది.

ఊపిరి బిగబట్టి చూసింది. చీముకణాల మధ్య ఒక జామకాయ ఆకారం అటు తన్నుకుని ఇటు తన్నుకుంటోంది. దాని తోక కొరడాలా ఆడుతోంది. పక్కనే ఇంకొకటి. ఇంకొకటి. ట్యూబు మీద నంబరు చూసింది. ఎవరో ఛత్రినాక నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్ల.

నాలుగు, అయిదు చూసింది. వాటిలో లేవు. మూడో ట్యూబుకు దూది బిగించి, రోజూలాగే కిటికీ గట్టు మీద పెట్టింది. రక్తాలు చూసింది. మూత్రాలు చూసింది. మలం చూసింది. చేతులు పని చేస్తున్నాయి కాని కళ్లు పది నిమిషాలకొకసారి కిటికీ వైపే పోతున్నాయి. బయట సన్నగా వాన పడుతోంది. ఊచల్లోంచి తుంపర ట్యూబుల మీద పడుతోంది. ఎన్నో ఏళ్లుగా పడుతూనే ఉండాలి. ఏనాడూ చూసుకోలేదు.

పన్నెండున్నరకు మూడో ట్యూబు తీసింది. చల్లగా తగిలింది. చుక్క వేసి చూసింది. గుండ్రటి కణాలు. కదలిక లేదు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా అద్దాన్ని జరుపుతూ చూసింది. మళ్లీ చుక్క వేసింది. మూడోసారి వేసింది. కొన్ని కణాలు కొంచెం పొడుగ్గా ఉన్నట్టున్నాయి. చీము అనుకుంటే చీమే. కదిలితేనే అది పురుగని చెప్పగలిగేది. కదలకపోతే ఎవరికైనా అది చీముకణమే. నిన్నటి దాకా ఆమె అయితే చేతులు కడుక్కుని నిల్ రాసి ఉండేది.

ఆ రోజు టిఫిన్ డబ్బా విప్పలేదు. బీరువా తెరిచి పాత రిజిస్టర్లు తీసింది. వరమ్మ పేరు జనవరిలో ఉంది, మార్చిలో ఉంది, మేలో ఉంది. తన గుండ్రటి చేతిరాతే. ఒక్కచోట కూడా కొట్టివేత లేదు. వరమ్మ పేరుకు పైనా కిందా ఎన్నో పేర్లు. జైబున్నీసా, ఎల్లమ్మ, మేరీ, ఫాతిమా, లక్ష్మీబాయి. అన్నిటి పక్కనా అదే మాట, వరుసగా, అందంగా.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా వెనక గల్లీలోకి తిరిగింది. ఆగమ్మ కొట్టంలో ఆరు బర్రెలున్నాయి. ఆగమ్మ పీట వేసుకుని పాలు పిండుతోంది. కొట్టానికి అవతలి కొసన, గోడ దగ్గర, వరమ్మ పేడ పిసికి పిడకలు కొడుతోంది. ఆమెకూ పాలకూ మధ్య అన్ని బర్రెలూ ఉన్నాయి. అంజన్న గడ్డిమోపు విప్పుతూ రాజమణిని చూసి, "నమస్తే అక్కా," అని తల తిప్పుకున్నాడు.

"ఆగమ్మా, రేపు వరమ్మను పొద్దుగాల తొమ్మిదింటికి పంపు. మళ్లోపారి చూస్త."

ఆగమ్మ చేతులు ఆగలేదు. పాలధార గిన్నెలో సర్రుమంటోంది. "అయిదోపారా? గదేమన్న గుడి ప్రదక్షిణమా అమ్మా? నాలుగుపార్లు చూస్తివి గద."

"సరిగ్గ చూడలే అనుకో."

"నువ్వు సరిగ్గ చూడకుంటే ఎవరు చూస్తరు?" ఆగమ్మ నవ్వింది. తర్వాత గొంతు మారింది. "నా మీద కోపంతోని వచ్చినవా? కోడల్ని ఎడంగ పెట్టిన్నని? నేను కొట్టిన్నా, తిట్టిన్నా? దానికి రెండు పూటల అన్నం పెడ్తున్న. మైలున్నదాన్ని పాలకు దూరం పెట్టిన, అంతే. శుద్ధంగ ఉండాల్సిన కాడ మీరు పెట్టరా? మీ దవాఖానల పెట్టరా?"

రాజమణి నోరు తెరిచింది. కిటికీ గట్టు కళ్ల ముందుకొచ్చింది. తుంపర పడుతున్న చెక్క స్టాండు.

"పెడ్తం," అంది చివరికి.

"అగో మరి."

గోడ దగ్గర వరమ్మ పిడక కొట్టడం ఆపి చూస్తోంది. "రేపు నువ్వు కూడ రా ఆగమ్మా. కాయితం నీ చేతికే ఇస్త," అని రాజమణి వెనక్కి తిరిగింది.

శుక్రవారం ఆమె అగరువత్తి వెలిగించలేదు. తొమ్మిదింటికే వచ్చి మూడో నంబరు గది బయట నిలబడింది. లోపల తెర వెనక వరమ్మ ఉంది. కమలకుమారి ట్యూబు పట్టుకుని బయటికొచ్చి ఆశ్చర్యపోయింది.

"మీరొచ్చారేంటి? ఇస్సాకు లేడా?"

"ఇటియ్యండి మేడం."

రాజమణి ట్యూబును పిడికిట్లో పట్టుకుంది. వెచ్చగా ఉంది. పిడికిలిని కొంగులో చుట్టి కడుపుకు ఆనించుకుని, వాన నీళ్లు నిలిచిన వాకిలి దాటి, నలభై ఆరేళ్ల మనిషి ఆయాసపడుతూ దాదాపు పరుగెత్తింది. ల్యాబు గుమ్మంలో ఇస్సాకు పక్కకు తప్పుకున్నాడు. "అరె, జర చూస్కోని! పడ్తవక్కా!"

చుక్క వేసింది. అద్దం మూసింది. మర తిప్పకముందే కళ్లు మూసుకుని స్వామిని ఒక్క మాట అడిగింది. ఏమడిగిందో ఆమెకే సరిగా తెలియదు.

మైదానం నిండా ఉన్నాయి.

వరమ్మను పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసుకొమ్మంటే రెండూ మూసుకుంది. నవ్వాపుకుంటూ తన అరచేయి ఆమె ఎడమ కంటికి అడ్డం పెట్టింది. వరమ్మ చాలాసేపు చూసింది.

"గిదేనా అక్కా? గింతదేనా?"

"గదే."

"మరి ఇన్ని దినాలు ఎక్కడ దాక్కున్నది?"

రాజమణి కాగితం రాస్తోంది. కలం ఆగింది. "అది దాక్కోలే వరమ్మా. నేనే తొందరగ చూడలే."

మూడో నంబరు గదిలో ఆగమ్మ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కమలకుమారి మందు చీటీలు రెండు రాసింది. "ఒకటి ఈవిడకి. ఒకటి మీ అబ్బాయికి. ఏడు రోజులు ఇద్దరూ కలిపి మింగాలి."

"వానికెందుకమ్మా? వాడు మగోడు. వానికేమైంది?"

"మగవాళ్లకి పైకి తెలియదు. లోపల ఉంటుంది."

ఆగమ్మ చీటీల వైపు, కాగితం వైపు మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలో ఏదో లెక్క తప్పినట్టుంది. "అయితే ఎవల సంది ఎవలకొచ్చింది?"

"అది ఏ పరీక్షా చెప్పదమ్మా."

ఆగమ్మ కాగితం మడిచి రొంటిన దోపుకుంది. గుమ్మం దగ్గర ఆగి, ఎవరినీ చూడకుండా, "ఆదివారానికి రెండు దినాల మందే అయితది. బోనం వచ్చే ఏడు ఎత్తుతది," అంది. వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజమణి ముందుకు ఒక అడుగు వేసి, "ఆగమ్మా, రోగమని తేలినంక కూడ..." అనబోయింది. ఆగమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది.

వాళ్లు వెళ్లాక గదిలో ఇద్దరే మిగిలారు. రాజమణి కుర్చీలో కూర్చోలేదు.

"మేడం, మీ గీతల కాయితం ఉన్నది గద. దాంట్ల నా నలుగురు, మీ పదిహేనుమంది. ఆ లెక్క తప్పు."

"ఏం తప్పు?"

"మీరు సీసాలు అప్పటికప్పుడు వేడిపెట్టెల పెడ్తరు. నేను ట్యూబులు మూడు గంటలు కిటికీల పెట్టి చూస్త. సల్లబడి కదలకుంట అయితున్నయి. నిన్న చూసిన, ఇయ్యాల చూసిన. పరీక్ష పనికిమాలింది కాదు."

కమలకుమారి కలం కింద పెట్టింది. "మూడు గంటలా? ఎందుకు? అంత పని ఉంటుందా మీకు?"

"పని కాదు. రక్తం, మూత్రం, మలం అన్నీ అయినంక చివరికి చూస్త గవి."

"మలం కంటే వెనకా?"

రాజమణి తలొంచుకుంది. "మలం అందరిది గద మేడం. గిది ఆడోళ్లది."

కమలకుమారి ముఖం ఎర్రబడింది. "ఆరు నెలలండీ! యాభై ఎనిమిదిమంది! ఇప్పుడు చెబితే నేనేం చెయ్యను? ప్రొఫెసరుగారికి ఏమని చెప్పను? ఈ పట్టికంతా..." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపంతోనే. "ఆలస్యమైందని రాస్తే, ఎందుకైందని అడుగుతారు. ఏం రాయమంటారు?"

"రాజమణి మైల అనుకున్నదని రాయండి."

ఆమె రాస్తుందో లేదో రాజమణికి తెలియలేదు. అడగనూ లేదు. తిరిగి ల్యాబుకు వచ్చి, కిటికీ గట్టు మీది చెక్క స్టాండు తీసి, కడిగి, బల్ల మీద పటానికి ఎదురుగా పెట్టింది. రిజిస్టరులో చివరి గడిలో ఆ రోజు నుంచి రెండు వేళలు రాయడం మొదలుపెట్టింది. తీసిన వేళ, చూసిన వేళ. పాత పేజీలను ఏం చెయ్యాలో తెలియలేదు. జైబున్నీసా ఎక్కడుంటుందో, ఎల్లమ్మను ఎవరు ఏమంటున్నారో, ఓపీ నంబరు చెప్పదు.

ఆదివారం తెల్లవారుజామునే గల్లీలో డప్పులు మొదలయ్యాయి. వేపమండలు, పసుపు వాసన. రాజమణి తలస్నానం చేసి పట్టుచీర కట్టుకుని దీపం వత్తులు సర్దుతుండగా తలుపు దగ్గర క్యాను చప్పుడైంది. గిన్నె పట్టుకుని వెళ్లింది.

మెట్ల మీద వరమ్మ ఉంది. పసుపు పూసుకున్న ముఖం, కొత్త రవికె. క్యాను మూత తియ్యకుండా నిలబడింది.

"అత్త బోనం వండుతున్నది. నన్ను పంపింది."

"మంచిగయింది. మందు మింగుతున్నవా?"

"మింగుతున్న. ఆయన కూడ మింగిండు. అత్త ముందట కూసోని మింగిపిచ్చింది. ఒక్క మాట అనలే ఆయన." వరమ్మ పెదవులు కొంచెం కదిలాయి, నవ్వు కాబోలు. వెంటనే పోయింది. చూపు కిందికి దించింది. "నువ్వు తీస్కుంటవో లేదో అడగమన్నది అక్కా. నేను పిండిన పాలు. దేవునికి పెడ్తవు గద."

రాజమణి గిన్నె ముందుకు చాచింది. చాచిన చెయ్యి సగంలో ఆగింది.

ఎంతోసేపు కాదు. కాని ఆగింది. వరమ్మ చూసింది. వరమ్మ చూసిందని రాజమణికీ తెలిసింది. నిన్నా మొన్నా తాను చేసినదంతా ఆ ఆగిన చేతిలో వేలాడుతోంది. డప్పుల మోత గల్లీ మలుపు తిరిగి దగ్గరికొస్తోంది.

"పొయ్యి," అంది, గిన్నెను రెండు చేతులతో పట్టుకుని. "అంచుదాక పొయ్యి."

వరమ్మ మూత తీసి పోసింది. రాజమణి ఆ గిన్నెను పొయ్యి మీదికి తీసుకుపోలేదు. అట్లాగే పట్టుకెళ్లి పటం ముందు పెట్టి, చేతులు జోడించి నిలబడింది. ఏ స్తోత్రమూ గుర్తు రాలేదు. అరచేతుల్లో పాల వెచ్చదనం ఇంకా మిగిలే ఉంది.